మా కుట్టు గదిలో బీఎల్‌డీసీ ఫ్యాన్లు: కొనే ముందు స్టిక్కర్ చదవండి

బీఎల్‌డీసీ ఫ్యాన్, అంటే బ్రష్‌లెస్ డీసీ మోటారుతో తక్కువ కరెంటుకి తిరిగేది, కొనమంటావా అని ఎవరైనా అడిగితే ముందు నేను అడిగేది ఒకటే. అది పెట్టబోయే గదిలో ఫ్యాన్ రోజుకి ఎన్ని గంటలు తిరుగుతుంది? రెండు మూడు గంటలే అయితే ఉన్నదాన్ని ఉంచుకోండి, ఈ సమీక్ష చదవకపోయినా నష్టం లేదు. మా ఇంట్లో కుట్టు గది ఫ్యాన్ పొద్దున ఎనిమిదికి వేస్తే రాత్రి పదింటిదాకా ఆగేది లేదు. ఆ తర్వాత పడకగదిది తెల్లవార్లూ. కొర్లగుంటలో పై అంతస్తు మాది. పగలంతా ఎండకి కాగిన స్లాబు రాత్రి పదకొండైనా వేడి దించుతూనే ఉంటుంది. సంక్రాంతి ముందూ వెనకా కాస్త చల్లగా ఉండే రోజులు తీసేస్తే తిరుపతిలో ఏడాదంతా ఫ్యాన్ కిందే బతుకు.

నేను టైలర్‌ని. బ్లౌజులు, లంగా ఓణీలు, స్కూలు తెరిచే ముందు యూనిఫారాలు. కాబట్టి ఫ్యాన్ నుంచి నాకు కావాల్సింది మిగతావాళ్లకి కావాల్సింది ఒకటి కాదు. గాలి ఒంటికి తగలాలి, కానీ బల్ల మీద పరిచిన పేపర్ కటింగులు లేవకూడదు. లైనింగ్ గుడ్డ కత్తెర కింద నుంచి జారకూడదు. మిషన్ చప్పుడు ఎటూ తప్పదు, దానికి ఫ్యాన్ కిర్రుకిర్రు తోడవకూడదు.

ఇప్పుడు కుట్టు గదిలో ఒకటి, పడకగదిలో ఒకటి బీఎల్‌డీసీ ఫ్యాన్లు ఉన్నాయి. రెండూ వేర్వేరు కంపెనీలవి. అత్తమ్మ గదిలో ఉన్నది మామూలు మోటారు ఫ్యాన్, ఒక్క స్టార్‌ది, అదీ కొత్తదే. హాల్లో మాత్రం మా పెళ్లినాటి ఫ్యానే ఇంకా తిరుగుతోంది. పోల్చి చూడటానికి మూడు రకాలూ ఇంట్లోనే ఉన్నాయన్నమాట. కంపెనీల పేర్లు కావాలనే రాయడం లేదు. సీజన్‌కో మోడల్ దింపుతారు, పేరు అదే ఉంటుంది, లోపలి సరుకు మారిపోతుంది.

తిలక్ రోడ్డులో ఒక ఎలక్ట్రికల్ షాపుకి వెళ్తే, అక్కడి కుర్రాడు ముందు కిందికి దించిన అట్టపెట్టె మీద పెద్ద పచ్చ ఆకు బొమ్మ, దాని కింద ‘ఎకో’ అని అక్షరాలు.

“ఇది తీస్కోక్కా. పర్యావరణానికి మంచిది. కరెంటే కాలదు.”

“ఎంత కాలదు నాయనా?”

“శానా తక్కువక్కా.”

పెట్టె తిప్పి స్టిక్కర్ చూస్తే ఒక్క స్టార్, 52 వాట్లు. దానికి రెండు వరసల కింద బొమ్మా గిమ్మా ఏమీ లేని తెల్ల పెట్టె ఒకటి ఉంది. తీయించి చూస్తే ఐదు స్టార్లు, 30 వాట్లు. కుర్రాడి తప్పని అనను. ఏ పెట్టె ముందు అమ్మాలో పైనవాళ్లు చెప్తారు, వాడు దించుతాడు. కానీ ఆ ఆకు బొమ్మ చూసి, ఏదో మంచిపని చేస్తున్నామనుకుని డబ్బులిచ్చి వెళ్లేవాళ్లు రోజుకి ఎంతమంది ఉంటారో. ‘ఎకో’, ‘గ్రీన్’ లాంటి మాటలు ఊరికే వాడకూడదని, వాడితే దేని గురించి అంటున్నారో వివరం, దానికి ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. అవి షాపు అరల దాకా దిగేలోపు మన కళ్లజోడు మనం వెంట తీసుకెళ్లడమే మేలు.

స్టార్లు ఇచ్చే పద్ధతి నడిపేది బీఈఈ (బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ), కేంద్ర విద్యుత్ శాఖ కింద 2002లో మొదలైన సంస్థ. ఫ్రిజ్జుల మీదా ఏసీల మీదా ఈ స్టార్లు చాలా ఏళ్లుగా చూస్తున్నాం. సీలింగ్ ఫ్యాన్లకి మాత్రం 2023 జనవరి 1 నుంచే తప్పనిసరి అయింది. అంతకుముందు అంటించడం, అంటించకపోవడం కంపెనీ ఇష్టం. అందుకే మన అమ్మానాన్నల కాలంలో ఫ్యాన్ అంటే రెక్కల రంగు చూసి కొనే వస్తువు.

ఫ్యాన్ స్టిక్కర్ మీద మూడు అంకెలు ఉంటాయి. నిమిషానికి ఎన్ని ఘనపు మీటర్ల గాలి విసురుతుంది, ఎన్ని వాట్లు తీసుకుంటుంది, గాలిని వాట్లతో భాగిస్తే ఎంత వస్తుంది. ఈ మూడోదాన్ని సర్వీస్ వాల్యూ అంటారు, స్టార్లు దీన్ని బట్టే. ఇళ్లలో మామూలుగా వాడే 1200 మిల్లీమీటర్ల ఫ్యాన్లలో నేను కొన్నప్పటి లెక్క ప్రకారం వాట్‌కి 4 వస్తే ఒక స్టారు, 6 వస్తే ఐదు. నా కుట్టు గది ఫ్యాన్ 30 వాట్లకి 220 ఘనపు మీటర్లు, అంటే 7.3.

స్టార్లు లెక్కపెట్టి ఆగిపోకండి, గాలి అంకె కూడా చూడండి. వాట్లు తగ్గించడానికి తేలిక దారి గాలి తగ్గించేయడం. ఐదు స్టార్ల ఫ్యాన్లలోనే ఒకటి 210 ఇస్తే ఇంకొకటి 230 ఇస్తుంది. నాలాగా స్లాబు కింద ఉండేవాళ్లు 220కి తక్కువ తీసుకుంటే మే నెలలో కంపెనీని తిట్టుకుంటారు. మోడల్ నంబరు బీఈఈ వెబ్‌సైట్లో కొట్టి చూస్తే స్టిక్కర్ మీది అంకెలే అక్కడా కనబడాలి. షాపులో నిలబడే ఫోన్లో చూసేయొచ్చు.

కాగితం మీది మాట సరే, ఇంట్లో నిజంగా ఎంత కాలుతోంది? దీనికి యంత్రాలేం కొనక్కర్లేదు. కరెంటు మీటరు మీద ఒక బుల్లి ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటుంది కదా, ఒక యూనిట్‌కి అది ఎన్నిసార్లు వెలుగుతుందో మీటరు మీదే అచ్చేసి ఉంటుంది. మాదాని మీద 3200 అని ఉంది, కొన్నిటి మీద 1600 ఉంటుంది. ఫ్రిజ్జు, ఫోన్ చార్జర్లతో సహా ఇంట్లో అన్నీ ఆపేసి, ఒక్క ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టి పావుగంట లెక్కపెట్టాలి. 3200 మీటరు మీద 75 వాట్ల ఫ్యాన్‌కి 60 సార్లు, 30 వాట్లదానికి 24 సార్లు వెలగాలి. మా హాలు ఫ్యాన్ 60 దాటింది. అత్తమ్మ గదిది 42. కుట్టు గదిది 25. మీటరు ముందు స్టూలేసుకుని నేను వేళ్లు మడుస్తూ కూర్చుంటే కింది పోర్షన్ వదిన మంత్రం జపిస్తున్నాననుకుందట.

ఇక్కడ షాపులవాళ్లు చేసే ఒక గడుసుతనం చెప్పాలి. బీఎల్‌డీసీ అమ్మేటప్పుడు వాళ్లు పోల్చేది ఎప్పుడూ 75, 80 వాట్ల పాత ఫ్యాన్‌తోనే. ‘సగానికి పైగా ఆదా’ అన్నది అందుకే. కానీ ఇప్పుడు షాపులో పక్కనే ఉన్న మామూలు ఫ్యాన్ అంత తినదు. లేబుల్ తప్పనిసరి అయ్యాక ఒక్క స్టార్ రావాలన్నా 50 వాట్ల చుట్టుపక్కలకి దిగాల్సిందే. కాబట్టి పాతది పాడైపోయి కొత్తది కొంటున్నవాళ్లకి అసలు తేడా 45 వాట్లు కాదు, 20 చిల్లర. పాతది బాగానే తిరుగుతుండగా తీసేసి కొత్తది పెట్టేవాళ్లకే ఆ 45.

నా గదికి లెక్క వేస్తాను. రోజుకి 14 గంటలు. పాత ఫ్యాన్ స్థానంలో బీఎల్‌డీసీ పెడితే నెలకి దాదాపు 19 యూనిట్లు తగ్గుతాయి. ఒక్క స్టార్ కొత్తదానితో పోలిస్తే 9. డబ్బుల్లో ఇది ఎంత అన్నది మీ కరెంటు బిల్లు స్లాబుని బట్టి, అంటే నెలకి ఎన్ని యూనిట్లు కాలుస్తారన్నదాన్ని బట్టి. నేను లెక్క కట్టినప్పుడు ఇంటి కనెక్షన్లకి 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, ఆ పైన 400 దాకా 8 రూపాయల 75 పైసలు. సర్దుబాటు చార్జీలు దీనికి అదనం. మిగిలే యూనిట్లు ఎప్పుడూ పై స్లాబులోంచే తగ్గుతాయి, కింది చవక యూనిట్లు అలాగే ఉంటాయి. అందుకని నెలకి 225 యూనిట్లు దాటే ఇంట్లో ఒక్కో యూనిట్ ఆదాకి విలువ ఎక్కువ. ఫ్యాన్ మూడువేలకి వచ్చింది. పాతదాన్ని తీసేసి పెట్టినవాళ్లకి ఏడాదిన్నర నుంచి రెండేళ్ల పైచిలుకులో ఆ డబ్బు తిరిగొస్తుంది. అమ్మేవాళ్లు చెప్పినట్టు ఆరునెలల్లో రాదు.

పైన చెప్పిందంతా ఫుల్ స్పీడు లెక్క. స్టిక్కర్ కూడా దాన్నే కొలుస్తుంది. కానీ కత్తిరింపులు ఉన్నప్పుడు నేను రెండో నంబరు దాటను, నాకు ఈ ఫ్యాన్ నచ్చింది అక్కడే. రెండో నంబరులో పావుగంటకి ఆ ఎర్ర లైటు ఏడెనిమిది సార్లే వెలిగింది, అంటే 10 వాట్ల లోపు. అత్తమ్మ గదిది రెగ్యులేటర్‌తో తగ్గించినా 20 దాకా వెలిగింది. గాలి కూడా తేడాగా ఉంటుంది. మామూలు ఫ్యాన్ తక్కువ స్పీడులో ఒక్కోసారి హుమ్ అని మూలుగుతుంది, ఇది అనదు. సాయంత్రం అందరూ మోటార్లు వేసి వోల్టేజి పడిపోయినా దీని వేగం తగ్గదు. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడిచినప్పుడు బ్యాటరీ ఎక్కువసేపు వస్తోంది. పెళ్లిళ్ల సీజన్లో అది చిన్న విషయం కాదు.

ఎందుకింత తేడా అంటే, నాకు అర్థమైనంతలో చెప్తాను. మామూలు ఫ్యాన్ మోటారులో తిరిగే భాగానికి సొంతంగా అయస్కాంతం ఉండదు. చుట్టలోకి పంపిన కరెంటే దానిలో కూడా అయస్కాంత శక్తి పుట్టించాలి, ఆ పనిలో కొంత వేడిగా పోతుంది. బీఎల్‌డీసీలో తిరిగే భాగంలోనే శాశ్వత అయస్కాంతాలు అమర్చి ఉంటాయి, ఏ చుట్టకి ఎప్పుడు కరెంటు పంపాలో చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు చూసుకుంటుంది. నమ్మకం లేకపోతే నాలుగు గంటలు తిరిగాక ఫ్యాన్ ఆపి, స్టూలెక్కి మధ్య డొప్పని ముట్టుకుని చూడండి. మా హాలు ఫ్యాన్ చెయ్యి పెట్టనివ్వదు. కుట్టు గదిది గోరువెచ్చన. అసలే కాగిన గదిలో ఆ వేడి కూడా మనకే కదా.

ఇక పర్యావరణం సంగతి. కేశవాయనగుంటలో మనకి కరెంటు సరఫరా చేసే ఎస్పీడీసీఎల్ హెడ్డాఫీసు ముందు నుంచి పోతుంటే కరెంటు అక్కడే పుడుతున్నట్టు అనిపిస్తుంది, అక్కడ ఉండేది లెక్కలూ ఫైళ్లూ. పుట్టేది కడప జిల్లా ముద్దనూరు పక్కన ఆర్టీపీపీలో (రాయలసీమ థర్మల్ కేంద్రం), కృష్ణపట్నం దగ్గర నేలటూరులో, ఇంకా అలాంటిచోట్ల. ఆర్టీపీపీ ఒక్కటే 1,650 మెగావాట్లు, అంతా బొగ్గే. తిరుమల కొండ మీద కాకులకొండ దగ్గర తిరిగే గాలిమరలు చూసి మనమంతా గాలి కరెంటు వాడుతున్నామని మా అబ్బాయి చిన్నప్పుడు అనుకునేవాడు. దేశం మొత్తం సగటు తీసుకుంటే ఒక యూనిట్ వెనక 700 గ్రాముల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. నా ఒక్క గదిలో నెలకి తగ్గిన 19 యూనిట్లంటే 13 కిలోలు. పైగా ఫ్యాన్లు ఎక్కువగా తిరిగేది రాత్రి. అప్పుడు సోలార్ ఉండదు, భారమంతా ఎక్కువగా బొగ్గు మీదే పడుతుంది. ఆ లెక్కన నా పడకగది ఫ్యాన్ కుట్టు గదిదానికంటే ఎక్కువ మేలు చేస్తోందేమో.

ఇప్పుడు ఫిర్యాదులు. ఇవి చదవకుండా కొనకండి.

గోడ మీది పాత రెగ్యులేటర్‌తో చాలా బీఎల్‌డీసీ ఫ్యాన్లు పనిచేయవు. దాన్ని తీయించి నేరుగా కనెక్షన్ ఇవ్వాలి. పెట్టడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ “ఉంటే ఏమైతాదమ్మా, ఫుల్లులో పెట్టుకోండి” అన్నాడు. ఎవరో ఒకరు అలవాటుగా దాన్ని తిప్పుతారు, బోర్డు పోవచ్చు. ఇంకో వంద అడిగినా సరే, తీయించేయండి. గోడకే రెగ్యులేటర్ కావాలనేవాళ్లకి దానికోసం చేసిన మోడళ్లు కూడా దొరుకుతున్నాయి, అడగండి.

రిమోట్ నాకు పెద్ద తలనొప్పి. గుడ్డ ముక్కల కింద పడితే సాయంత్రం ఊడ్చేదాకా దొరకదు. అత్తమ్మకి రిమోట్ అంటేనే టెన్షన్, అందుకే ఆమె గదిలో తిప్పే రెగ్యులేటరున్న మామూలు ఫ్యాన్ పెట్టాం. ఒక్క స్టార్ ఫ్యాన్ ఇంట్లోకి రావడానికి కారణం అదే. ముసలివాళ్ల గదికి వాళ్ల చేతికి అలవాటైనదే మంచిదని నా అభిప్రాయం, కరెంటు కాస్త ఎక్కువైనా సరే.

అన్నిటికంటే పెద్దది రిపేరు. ఒక వానాకాలం ఉరుములప్పుడు పడకగది ఫ్యాన్ ఆగిపోయింది. బోర్డు పోయిందన్నారు. వారంటీ ఉంది కాబట్టి డబ్బులు పడలేదు గానీ, కస్టమర్ కేర్‌లో ఒకరు రాసుకుని ఇంకొకరికి అప్పగించి, ఆ ఇంకొకరు ఫోన్ ఎత్తక, చివరికి మనిషి వచ్చేసరికి మేమంతా హాల్లో పడుకోవడం అలవాటైపోయింది. అదే మామూలు ఫ్యాన్ అయితే వీధి చివర వైండింగ్ షాపులో కెపాసిటర్ మార్చి సాయంత్రానికి ఇచ్చేస్తారు. ఆ షాపాయన బీఎల్‌డీసీ చూసి “ఇది నా వల్ల కాదమ్మా” అని చేతులెత్తేశాడు. బాగుచేయలేని వస్తువు ఎంత తక్కువ కరెంటు తాగితే మాత్రం ఏం లాభం? అందుకని రెండోసారి కొన్నప్పుడు స్టార్లతో పాటు ఇంకో రెండు అడిగాను: బోర్డుకి వారంటీ ఎన్నేళ్లు, బోర్డు విడిగా అమ్ముతారా. కొన్ని కంపెనీలు మోటారుకి ఎక్కువేళ్లు, బోర్డుకి తక్కువేళ్లు రాస్తాయి. బిల్లు మీద ఏది ఎంతో రాయించుకోండి. సర్వీస్ సెంటరు తిరుపతిలోనే ఉందా, చెన్నై నుంచి మనిషి రావాలా అన్నది కూడా కనుక్కోండి.

ఇంకో చిక్కు మా ఇంట్లోనే ఉంది. ‘కాలేది 30 వాట్లేగా’ అని మా వాడు ఫ్యాన్ ఆపకుండా బయటికి పోవడం మొదలుపెట్టాడు. దీనికి ఏ స్టిక్కరూ పనిచేయదు.

హాలు ఫ్యాన్ ఎందుకు మార్చలేదని అడగొచ్చు. అది తిరిగేది చుట్టాలొచ్చినప్పుడూ, కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు కూర్చున్నప్పుడూ. రోజుకి గంట కూడా ఉండదు. దాన్ని మారిస్తే నెలకి ఒకటిన్నర యూనిట్ తగ్గుతుందేమో, దానికోసం బాగున్న ఫ్యాన్ పారేసి, ఇంకో ఫ్యాక్టరీలో ఇంకో ఫ్యాన్ చేయించడం నాకు సబబనిపించలేదు. కుట్టు గదిలోంచి దించిన పాతదాన్ని మాత్రం మా అమ్మ ఊరికి పంపమని అందరూ అన్నారు. పంపితే ఆ 75 వాట్లు ఇక్కడ ఆగి అక్కడ కాలుతాయి, అంతే. పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేశాను. రాగి, అల్యూమినియం వేరుచేసి కరిగిస్తారు కాబట్టి అది చెత్తకుప్పలో పడదు.

మొత్తానికి కుట్టు గది ఫ్యాన్‌కి నా తరఫున నాలుగు స్టార్లు, పడకగదిదానికి ఆ రిపేరు గొడవ వల్ల మూడు. అత్తమ్మ గదిదానికి ఆవిడ ఐదు వేస్తుంది, వేయనివ్వండి.

ఇదంతా విని కింది వదిన, “ఫ్యాన్లు సరే, మరి పొద్దస్తమానం ఆ ఇస్త్రీ పెట్టె?” అంది. అడగాల్సిన మాటే. నాది 1000 వాట్లది, ఆగకుండా గంటసేపు కరెంటు లాగితే ఒక యూనిట్, నా ఫ్యాన్ ఆ ఒక్క యూనిట్‌తో 33 గంటలు తిరుగుతుంది. అందుకే ఇప్పుడు ఒక్కో బ్లౌజు కుట్టగానే ఇస్త్రీ చేయను, సాయంత్రం అన్నీ ఒకేసారి. ముందు కాటన్, చివర్లో స్విచ్ తీసేసి మిగిలిన వేడితో సింథటిక్‌వి.

వదిన ఈ ఏడు ఫ్రిజ్జు కొంటుందట. ఫ్యాన్‌కన్నా దానికే స్టిక్కర్ ముఖ్యం, 24 గంటలూ నడిచేది అదొక్కటే కాబట్టి. దాని మీద స్టార్లతో పాటు ఏడాదికి ఎన్ని యూనిట్లు కాలుతుందో రాసి ఉంటుంది, లేబుల్ ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా చెల్లుతుందో కూడా ఉంటుంది. కొలత బిగించినప్పుడల్లా నిన్నటి ఐదు స్టార్ల సరుకు ఇవాళ్టి లెక్కలో తక్కువ స్టార్లకి దిగిపోవచ్చు, పాత స్టాకు తగ్గింపు ధరకి అమ్మేది అప్పుడే. వదినకి చెప్పాను: తగ్గింపు ఎంతో తర్వాత అడుగు, ముందు ఆ సంవత్సరాలు చూడు, రెండు మోడళ్ల యూనిట్ల అంకెలు ఫోన్లో ఫొటో తీసుకుని రా, కూర్చుని లెక్క వేద్దాం.